2006 కరోలా ఆటోమేటిక్: పొద్దున పూట హైవేలో ఓవర్‌డ్రైవ్ పడటం లేదు

బొబ్బిలి కరోలా (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది 2006 మోడల్ టయోటా కరోలా, 1.8 పెట్రోల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. నాన్నగారి బండి. మోకాళ్ల నొప్పులతో ఆయన క్లచ్ తొక్కలేరు. అందుకే ఎంతమంది అమ్మేయమన్నా అమ్మలేదు, ఫిట్‌నెస్ చేయించి మరీ ఉంచుకున్నాం.

చలి మొదలైన దగ్గర్నుంచి ఒక ఇబ్బంది పట్టుకుంది. పొద్దున్నే శ్రీకాకుళం బయల్దేరితే, నాతవలస దగ్గర హైవే ఎక్కాక బండి నాలుగో గేరులోకి, అంటే ఓవర్‌డ్రైవ్‌లోకి వెళ్లడం లేదు. 80లో ఒకే తీరుగా పోతున్నా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 2,900 దగ్గరే నిలబడుతోంది. ఇదివరకు అదే స్పీడులో 2,000కి అటూ ఇటూ ఉండేది. ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, పెట్రోలు బాగా తాగుతోంది.

మధ్యాహ్నం పూట ఊళ్లో తిరిగి రింగు రోడ్డు మీదకి వస్తే మాత్రం 60లోనే చక్కగా నాలుగు పడుతుంది. జర్క్ లేదు, కాలిన వాసన లేదు, డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ లేదు. ఒక పెద్ద షెడ్డులో చూపిస్తే, ఒక రౌండు కొట్టి వచ్చి "గేర్‌బాక్స్ దించాలి, లక్ష దాటుతుంది, గ్యారంటీ చెప్పలేం" అన్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. దించే ముందు మనం చూసుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా?

ఏడురోడ్లు (శ్రీకాకుళం)

ముందు గేర్ రాడ్ పక్కనున్న ఓడీ, అంటే ఓవర్‌డ్రైవ్ బటన్ చూడండి. అది నొక్కి ఉంటే మీటర్‌లో "ఓ/డీ ఆఫ్" అని లైటు వెలుగుతుంది, బండి మూడు దాటదు. కడిగేవాళ్ల చెయ్యి తగిలి ఆ బటన్ పడిపోయి, ఓనర్లు నెలల తరబడి అలాగే నడిపిన బండ్లు నేను చూశాను.

బొబ్బిలి కరోలా

చూశానండి. లైటు లేదు. బటన్ నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది.

సాలూరు లారీ (సాలూరు)

మా ఊళ్లో లారీ పని చేసేవాళ్లు మొదట అడిగేది ఒకటే: గేర్‌బాక్స్ ఆయిల్ చూశావా? మీది కూడా అక్కడే మొదలుపెట్టండి. బండిని ఓ పదిహేను కిలోమీటర్లు తిప్పి, సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే బ్రేకు తొక్కి గేర్ రాడ్‌ని పీ నుంచి ఎల్ దాకా, మళ్లీ పీ దాకా ఒక్కో చోట క్షణం ఆపుతూ తిప్పండి. అప్పుడు ఆయిల్ గేజి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. "హాట్" గీతల మధ్య ఉండాలి.

లెవెల్ ఒక్కటే చూసి వదిలేయకండి. తెల్ల కాగితం మీద చుక్క వేయండి. ఎరుపు లేదా కాస్త ముదురు ఎరుపు ఉంటే భయం లేదు. నల్లబడి, మాడిన వాసన వస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఉండే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిసినట్టు గులాబి రంగులో ఉంటే రేడియేటర్ లోపల గేర్ ఆయిల్ చల్లబరిచే పైపు చిల్లుపడి నీళ్లు కలిశాయని, ఆ బండి ఇక కదపకూడదు.

ఏడురోడ్లు

ఒక మాట కలుపుతాను. ఇది టయోటా పద్ధతి. నా పాత హోండా సిటీకి ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. ఒకరి పద్ధతి ఇంకొకరి బండికి వాడితే లెవెల్ తప్పు చూపిస్తుంది.

కోట జంక్షన్ (విజయనగరం)

ఇంత హడావిడి ఎందుకు? ఆయిల్ మొత్తం మెషీన్ పెట్టి ఫ్లష్ చేయించి, ఏదో ఒక డెక్స్‌రాన్ రకం గేర్ ఆయిల్ పోయించండి. పాత ఆయిల్‌కి గేరు పడదు. మా బంధువుల బండికి అలాగే సరిపోయింది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

కోట జంక్షన్ గారూ, దయచేసి ఆ సలహా ఇక్కడ వద్దు. ఈ కరోలాకి టయోటా టీ-4 ఆయిల్ వాడాలి. డెక్స్‌రాన్ 3 దీనికి సరిపోదు. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకోవాలో, ఎక్కడ జారకూడదో ఆయిల్‌లో ఉండే రసాయనాలే నిర్ణయిస్తాయి. తప్పు ఆయిల్ పోస్తే ఇవాళ లేని వణుకు రేపు వస్తుంది. పైగా ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని గేర్‌బాక్స్‌కి మెషీన్ ఒత్తిడితో ఫ్లష్ కొట్టిస్తే, అడుగున పేరుకున్న మడ్డి వెళ్లి వాల్వ్ బాడీ (గేర్లకి ఆయిల్ పంచే భాగం) సందుల్లో కూర్చుంటుంది. బాగున్న గేర్లు కూడా పోయాయని గొడవపెట్టుకున్నవాళ్లని గల్ఫ్‌లో వర్క్‌షాప్‌లో పనిచేసినప్పుడు నేను చాలామందిని చూశాను.

తమ్ముడూ బొబ్బిలి, నువ్వు రాసిన దాంట్లో రెండు ముక్కలు నాకు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. పొద్దున హైవేలో పడదు. మధ్యాహ్నం ఊళ్లో పడుతుంది. అరిగిపోయిన క్లచ్‌కి పూటలు తెలియవు. అది జారితే మూడు నుంచి నాలుగుకి మారేటప్పుడు ముల్లు ఒక్కసారి పైకి లేచి, ఆ తర్వాత కింద పడుతుంది. వేడెక్కే కొద్దీ ఆయిల్ పలచబడి ఇంకా ఎక్కువ జారుతుంది. నీ బండి దానికి తలకిందులుగా ఉంది, వేడి మీద బాగుంటోంది.

కాబట్టి మొదట తేల్చాల్సింది ఇది: గేర్‌బాక్స్‌కి నాలుగో గేరు వేయడం చేతకావడం లేదా, లేక కంప్యూటర్ వేయవద్దంటోందా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఖర్చు మాత్రం లక్షకీ వెయ్యికీ ఉన్నంత తేడా.

ఒక పరీక్ష చెప్తాను. ఖాళీగా ఉన్న సమమైన రోడ్డు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ముల్లు చూడమను. 80లో యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకుని ఓడీ బటన్ నొక్కు. ముల్లు 2,000 నుంచి 2,900కి లేస్తే అప్పటిదాకా నాలుగులో ఉన్నట్టు. నొక్కినా ముల్లు కదలకపోతే ముందే మూడులో ఉన్నట్టు. పొద్దునా చెయ్యి, మధ్యాహ్నం బాగా వేడెక్కాకా చెయ్యి. రెండు ఫలితాలూ ఇక్కడ రాయి.

రాజాం టీచర్ (రాజాం)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది 2011 ఐ10 ఆటోమేటిక్. దీనికి కూడా ఓడీ పడటం లేదు, 80లో చాలా శబ్దం చేస్తోంది. కాకపోతే మాది సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడే చాలా బరువుగా కదులుతుంది. బండి ఆపి తాళం తీసి మళ్లీ పెడితే కాసేపు బాగుంటుంది. ఇది కూడా అదేనా?

నాగావళి గట్టు

కాదు మేడమ్, మీది వేరే దారి. కదిలేటప్పుడే బరువుగా ఉందంటే బండి ఒకటిలో కాకుండా మూడులోనే కదులుతోంది. లోపల ఏదో సెన్సార్ లేదా సోలినాయిడ్ (గేరు మార్చే కరెంటు వాల్వ్) నుంచి తప్పు కబురు వచ్చినప్పుడు, గేర్‌బాక్స్ పాడవకుండా కంప్యూటర్ మూడో గేరులో కట్టేస్తుంది. తాళం తీసి పెడితే మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది, తప్పు మళ్లీ కనిపించగానే కట్టేస్తుంది. మీ బండి కంప్యూటర్‌లో ఆ తప్పు పేరు చెప్పే కోడ్ కచ్చితంగా దాక్కుని ఉంటుంది. ఏ పార్టూ మార్చనివ్వకుండా ముందు స్కానర్ పెట్టించండి. పీ0750 వరస అయితే షిఫ్ట్ సోలినాయిడ్లు, పీ0720 అయితే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సార్, పీ0734 అయితే నాలుగో గేరు నిష్పత్తి తప్పింది అని. ఆయిల్ మార్చాల్సి వస్తే మీదానికి ఎస్‌పీ-3, టయోటా ఆయిల్ పోయనివ్వకండి.

బొబ్బిలి కరోలా

ఫలితాలు రాస్తున్నాను. ఆయిల్ ఎరుపే, కాస్త ముదురు. వాసన లేదు, లెవెల్ పై గీతకి కొంచెం కింద ఉంది.

పొద్దున భోగాపురం దాకా వెళ్లాం, తమ్ముడు పక్కన కూర్చుని ముల్లు చూశాడు. 80లో ఓడీ బటన్ నొక్కితే ఏమీ కదల్లేదు, 2,900లోనే ఉంది. మధ్యాహ్నం ఆర్‌టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్‌లో బాగా ఇరుక్కుని, వెంటనే ఊరి బయటికి తీసుకెళ్లాను. అప్పుడు బటన్ నొక్కగానే ముల్లు ఠక్కున పైకి లేచింది. మళ్లీ నొక్కితే కిందికి దిగింది. జారడం గానీ, మధ్యలో ఎగరడం గానీ లేదు. అలాగే ముందుకి పోతే కొంత దూరం తర్వాత దానంతట అదే మూడుకి దిగిపోయింది.

సాలూరు లారీ

అయితే నాలుగో గేరు బతికే ఉంది. శుభం. ఆ షెడ్డుకి వెళ్లకండి.

నాగావళి గట్టు

భలే బాగా చూశావు తమ్ముడూ. చివరి వాక్యమే మొత్తం కథ చెప్తోంది. ట్రాఫిక్‌లో నిలబడి వచ్చాక నాలుగు పడింది, గాలి తగిలేలా కాసేపు పరిగెత్తాక దిగిపోయింది. ఇప్పుడు ఒక్క ప్రశ్న. హైవేలో పోతున్నప్పుడు ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎక్కడ ఉంటోంది?

బొబ్బిలి కరోలా

మామూలుగా మధ్యకి కొంచెం కింద ఉండేది. ఇప్పుడు పొద్దున పూట "సీ" (చల్లగా ఉందని చూపే) గీతకి కాస్త పైన, అంతే. బండి చల్లగా నడుస్తోంది కదా మంచిదే అనుకున్నాం.

గట్టు గారూ, ఒక విషయం ఉంది. పోయిన మే నెలలో బండి వేడెక్కితే దగ్గర్లో ఉన్న మెకానిక్ "వాల్వ్ తీసేశాను, ఇక ఎప్పుడూ వేడెక్కదు" అని చెప్పాడని నాన్నగారు అంటున్నారు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

నాగావళి గట్టు

ఉంది. అదే.

వివరంగా చెప్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ పని చేసిన బండ్లు వీధికొకటి ఉన్నాయి. ఆ "వాల్వ్" అంటే థర్మోస్టాట్. మీ 1.8 ఇంజిన్‌లో అది 80 నుంచి 84 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అంతవరకు నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వదు, అందుకే ఇంజిన్ త్వరగా వేడెక్కి ఆ వేడి దగ్గరే నిలబడుతుంది. అది తీసేస్తే కూలెంట్, అంటే ఇంజిన్ చల్లబరిచే ఆ నీళ్లు, స్టార్ట్ చేసిన క్షణం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంది. ట్రాఫిక్‌లో గాలి తగలదు కాబట్టి వేడెక్కుతుంది. చలికాలం పొద్దున హైవేలో 80 స్పీడు గాలికి వేడి 50ల డిగ్రీల్లోకి పడిపోతుంది.

ఇక టయోటా కంప్యూటర్ సంగతి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఓవర్‌డ్రైవ్‌కీ, టార్క్ కన్వర్టర్ లాకప్‌కీ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపే పట్టు) ఒప్పుకోదు. టయోటా రిపేరు పుస్తకాల్లోనే ఉంది, కూలెంట్ దాదాపు 60 డిగ్రీలు రాకపోతే నాలుగు పడదని. ఇంజిన్ త్వరగా వేడెక్కాలనీ, చల్లటి ఇంజిన్ మీద పెద్ద గేరు భారం పడకూడదనీ అలా పెట్టారు. అంటే నీ కంప్యూటర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. బండి ఇంకా వేడెక్కలేదు అని నమ్ముతోంది, అది నిజం కూడా. తప్పేమీ లేదు కాబట్టి ఓడీ లైటు మిణకదు, కోడ్ కూడా పడకపోవచ్చు. మిణికి ఉంటే సోలినాయిడ్ల వైపు చూసేవాళ్లం.

ఇప్పుడు ఊహ మీద పార్టు కొనకు. ఫోన్‌తో కలిసే చిన్న ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ అంకెలు చదివే పరికరం) ఎవరి దగ్గరైనా అడిగి పెట్టు, కూలెంట్ వేడి ఎన్ని డిగ్రీలో చూడు. రీడర్ దొరక్కపోతే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకో, ఫ్యానుకి దూరంగా. థర్మోస్టాట్ ఉన్న బండిలో ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేని బండిలో మొదటి నుంచీ కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.

కోట జంక్షన్

గట్టు గారూ, ఆయిల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇది ఒప్పుకోలేను. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ? చలి దేశాల కోసం పెట్టిన పార్టు అది. ఇక్కడ అందరూ తీసేసే నడుపుతున్నారు.

నాగావళి గట్టు

మే నెల విజయనగరం కంటే గల్ఫ్‌లో ఎండ చాలా ఎక్కువ బాబూ. అక్కడ ఏ టయోటాకీ మేం థర్మోస్టాట్ తీసింది లేదు, పాడైతే కొత్తది వేశాం. ఇంజిన్ 85 డిగ్రీల దగ్గర నడవాలని తయారైంది. 55లో నడిపితే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో తేమ ఆవిరి కాక మడ్డి కడుతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. ఇవన్నీ నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి వాల్వ్ తీసినవాడి మీదకి నింద రాదు. వేసవిలో బండి వేడెక్కితే రేడియేటరో, ఫ్యానో, నీళ్ల పంపో బాగుచేయాలి. జ్వరం వచ్చిందని థర్మామీటర్ విరగ్గొడితే జ్వరం తగ్గదు.

మ్యాన్యువల్ బండిలో ఈ తప్పు ఎవరికీ తెలియదు, ఎందుకంటే గేరు మన చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్‌లో మాత్రం గేర్‌బాక్స్ మీదకి నేరం పోతుంది. బాగున్న గేర్‌బాక్స్ దించి, విప్పి, తిరిగి బిగించి, లక్ష తీసుకున్నాక కూడా ఓడీ పడకపోతే అప్పుడు ఎవరిని అడగాలి? నాకు బాధ కలిగించేది ఇదే.

ఘాట్ గేర్ (పార్వతీపురం)

ఓడీ మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మా ఆటోమేటిక్ మూడు, నాలుగు మధ్య ఊగిసలాడుతూనే ఉంటుంది. అది కూడా జబ్బేనా?

సాలూరు లారీ

కాదు. ఎక్కేటప్పుడు ఓడీ ఆఫ్ చేయండి, దిగేటప్పుడు కూడా ఆఫ్‌లోనే ఉంచండి. ఎక్కేటప్పుడు గేరు ఊరికే మారుతూ ఉంటే ఆయిల్ వేడెక్కుతుంది. దిగేటప్పుడు మూడులో ఇంజిన్ బండిని ఆపుకుంటూ వస్తుంది, బ్రేకులు మాడవు. మలుపుల్లో రెండో గేరు కూడా వాడండి. ఆ బటన్ పెట్టిందే అందుకు. పైకి వెళ్లి చదును రోడ్డు వచ్చాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకండి.

బొబ్బిలి కరోలా

రీడర్ దొరికింది. స్నేహితుడిది. కనెక్ట్ కావడానికి కాస్త సతాయించింది గానీ పనిచేసింది. కోడ్స్ ఏమీ లేవు. పొద్దున హైవేలో 80 స్పీడులో కూలెంట్ 52 నుంచి 55 మధ్య ఆడింది. ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో నిలబడ్డాక 80 దాటింది. మళ్లీ బయటికి తీసుకెళ్తే నాలుగు పడింది. ఆ తర్వాత అంకె తగ్గుతూ తగ్గుతూ 60 కిందికి రాగానే మూడుకి దిగడం ఫోన్‌లో కళ్లారా చూశాం. నాన్నగారు నమ్మలేకపోయారు.

ఏడురోడ్లు

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! కొత్త థర్మోస్టాట్ వేయించే ముందు మే నెలలో అసలు ఎందుకు వేడెక్కిందో కూడా చూసుకోండి. లేకపోతే వచ్చే వేసవికి మళ్లీ మొదటికే వస్తుంది.

నాగావళి గట్టు

సరిగ్గా చెప్పారు. రేడియేటర్ విప్పించి లోపల చూపించు. మన దగ్గర బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో తెల్లటి పెళ్లలు కడతాయి, సగం గొట్టాలు మూసుకుపోతాయి. ఫ్యాను రెండు స్పీడుల్లో తిరుగుతోందా, ఏసీ వేసినప్పుడు వస్తోందా చూడు.

థర్మోస్టాట్ కొన్నాక బిగించే ముందు పరీక్ష చెయ్యి. దారం కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు, పక్కనే వేడి కొలిచే కడ్డీ ఉంచు. 80 దాటాక మధ్యలో ఉన్న పళ్లెం కదలాలి, నీళ్లు మరిగే లోపు బాగా తెరుచుకోవాలి. చల్లబడితే పూర్తిగా మూసుకోవాలి. దాని అంచున చిన్న పిన్ను వదులుగా ఊగుతూ ఉంటుంది, గాలి బయటికి పోవడానికి. బిగించేటప్పుడు అది పైవైపుకి ఉండాలి. రబ్బరు రింగు కొత్తది వేయించు. పంపు నీళ్లు వద్దు, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మూత తీసి ఉంచి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపి నింపాలి.

బొబ్బిలి కరోలా

పని అయింది. రేడియేటర్ పై ట్యాంకు విప్పితే గొట్టాల నోళ్ల దగ్గర సున్నం పట్టినట్టు తెల్లగా గట్టిగా పేరుకుని ఉంది. వేలితో గీకినా రాలేదు, సన్నటి కడ్డీలు పెట్టి తీశారు. కొన్ని గొట్టాలు పూర్తిగా మూసుకుపోయాయి. కొత్త రేడియేటరే వేయించాం. థర్మోస్టాట్‌ని వంటింట్లో అమ్మ పొయ్యి మీదే పరీక్షించాం, 82 దగ్గర కదిలింది.

నిన్న పొద్దున చలిలోనే శ్రీకాకుళం వెళ్లొచ్చాం. ఇంటి నుంచి బయల్దేరిన కాసేపటికే ముల్లు తన చోటికి వచ్చింది. నాతవలస చేరకముందే నాలుగు పడింది. 80లో 2,000. కూలెంట్ 84 నుంచి 90 మధ్య. రణస్థలం దాటాక ఓడీ బటన్ పరీక్ష మళ్లీ చేశాను, ప్రతిసారీ ముల్లు లేచింది, దిగింది. రేడియేటర్, థర్మోస్టాట్, కూలెంట్, కూలి అన్నీ కలిపినా ఆ షెడ్డువాళ్లు చెప్పిన దాంట్లో పదోవంతు కాలేదు. మీ అందరికీ, ముఖ్యంగా గట్టు గారికీ మా నాన్నగారు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమన్నారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. లాకప్ కూడా పడుతోందని ఎలా తెలుసుకోవాలి?

నాగావళి గట్టు

చాలా సంతోషం తమ్ముడూ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

లాకప్ పరీక్ష కూడా 80లోనే. నాలుగులో ఒకే తీరుగా పోతూ, కుడికాలు కదపకుండా ఎడమకాలితో బ్రేకు పెడల్‌ని బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. ముల్లు కొద్దిగా, ఒక 200 దాకా లేచి, కాలు తీశాక మళ్లీ దిగితే లాకప్ బాగుంది. వెనక బండ్లు లేనప్పుడే చెయ్యి. దీన్ని బట్టే ఇంకోటి కూడా తెలుస్తుంది: బ్రేక్ లైటు స్విచ్ పాడై లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే లాకప్ అసలు పడదు, నాలుగు పడినా ఆర్‌పీఎం కాస్త ఎక్కువే ఉంటుంది. దానికి కూడా గేర్‌బాక్స్ దించమనేవాళ్లు ఉన్నారు.

రాజాం టీచర్

స్కానర్ పెట్టించాను. పీ0720 వచ్చింది. అవుట్‌పుట్ స్పీడ్ సెన్సార్ అని మీరు చెప్పినదే. వైరు కనెక్టర్‌లో పచ్చటి తుప్పు పట్టి ఉంది. శుభ్రం చేశారు, ఇప్పటికి బాగుంది. సెన్సార్ కూడా మార్చేయమంటారా?

నాగావళి గట్టు

ఇప్పుడే వద్దు మేడమ్. కోడ్ చెరిపించి నడపండి. మళ్లీ అదే కోడ్ వస్తే అప్పుడు సెన్సార్. కనెక్టర్ మీద నీళ్లు ఎక్కడి నుంచి పడుతున్నాయో మాత్రం వెతికించండి. చాలావరకు బ్యాటరీ కింద నుంచి, లేదా ఇంజిన్ కడిగినప్పుడు వెళ్తాయి.

కోట జంక్షన్

నా బండికీ థర్మోస్టాట్ తీసేసే ఉంది. వచ్చే ఆదివారం వేయిస్తాను. బొబ్బిలి గారూ, ఆ రేడియేటర్ పని చేసినవాళ్లు ఏ వీధిలో ఉంటారో నాకు విడిగా మెసేజ్ పెట్టండి. గట్టు గారూ, వీరి బండికి టీ-4 ఆయిల్ ఇప్పుడు మార్చాలా?

నాగావళి గట్టు

ముదురు ఎరుపు అన్నాడు కాబట్టి మార్చుకుంటే మంచిది, కానీ ఫ్లష్ కాదు. కింది బోల్టు విప్పితే సుమారు 3 లీటర్లు దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. దిగినంతే కొలిచి కొత్తది పోయాలి. ఒకసారి పాన్ (గేర్‌బాక్స్ అడుగు పళ్లెం) కూడా దించి లోపలి అయస్కాంతాలు చూడాలి. వాటి మీద మెత్తటి బూడిద రంగు పొడి ఉంటే మామూలే, ముక్కలు ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకో 3 లీటర్లు మార్చితే చాలు.